ప్రాణం దక్కింది సరే, ఎనిమిదో రోజు నుంచి చూసేదెవరు? పీఎంఆర్ డాక్టర్ జిల్లాకు రావాలంటే ఏం కావాలి

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే దారిలో బీచుపల్లి వంతెన మీదుగా మీరు చాలాసార్లే వెళ్లి ఉంటారు. బస్సు వంతెన ఎక్కగానే సగం మంది కిటికీలోంచి కృష్ణమ్మకు దండం పెడతారు. ఒకరిద్దరు రూపాయి బిళ్ల నీళ్లలోకి విసురుతారు. ఒడ్డునున్న ఆంజనేయస్వామికి ఇంకో దండం. నదికి ఇవతల వనపర్తి జిల్లా, అవతల జోగులాంబ గద్వాల. మధ్యలోంచి 44వ నంబర్ జాతీయ రహదారి.

ఆ రహదారి మీద ఒక బైకు ప్రమాదం జరిగిందనుకుందాం. ముప్పై ఏళ్ల మనిషి. వెన్నెముక దెబ్బతింది. 108 వచ్చింది, ఆస్పత్రికి చేర్చింది. ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది.

రోడ్డు ప్రమాద బాధితుల కోసం కేంద్రం 2025 మే 5 నుంచి అమల్లోకి తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం గురించి మీరు చదివే ఉంటారు. గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో రూ.1.5 లక్షల వరకు వైద్యం. మంచి పథకమే. కానీ దానికి ఇంకో గీత కూడా ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి గరిష్ఠంగా 7 రోజులు. వెన్నెముక దెబ్బతిన్న మనిషికి అసలు కథ మొదలయ్యేది ఎనిమిదో రోజున.

కాళ్లలో కదలిక లేదు. మూత్రం తెలియకుండా పోతోంది, లేదా అసలు రావడం లేదు. గొట్టం పెట్టి ఇంటికి పంపారు. ఇంట్లో నవారు మంచం. మూడు వారాల్లో నడుం కింద పుండు. రెండు నెలల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం, మళ్లీ ఆస్పత్రి. ఇది కల్పించిన ఉదాహరణే. కానీ ఇలాంటి ఇల్లు మీ ఊళ్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, ఒకసారి ఆలోచించండి. తాటిచెట్టు మీద నుంచి జారిన గీత కార్మికుడు కావచ్చు. బొంబాయిలోనో బెంగళూరులోనో సెంట్రింగ్ పని చేస్తూ పైఅంతస్తు నుంచి పడి, పాలమూరుకు తిరిగొచ్చిన వలస కూలీ కావచ్చు. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయిన పెద్దాయన కావచ్చు. గీత కార్మికుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి చెట్టు మీద నుంచి పడకుండా కాపాడటానికి. పడ్డాక ఏం చేయాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ పని కోసమే ప్రత్యేకంగా చదువుకున్న డాక్టర్లు ఉన్నారు. చాలామందికి వాళ్లున్న సంగతే తెలియదు.

ఎవరీ పీఎంఆర్ డాక్టర్?

ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్. పొట్టిగా పీఎంఆర్. తెలుగులో పునరావాస వైద్యం అంటున్నాం గానీ, పునరావాసం అనగానే మన చెవికి శ్రీశైలం, జూరాల ముంపు గ్రామాలే తడతాయి. కాబట్టి ఈ వ్యాసంలో పీఎంఆర్ అనే అందాం.

ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ లేదా డీఎన్‌బీ చేసిన స్పెషలిస్టు ఈయన. ఫిజియోథెరపిస్టు వేరు, పీఎంఆర్ డాక్టర్ వేరు. ఫిజియోథెరపిస్టు వ్యాయామాలతో కదలికను తిరిగి తెప్పిస్తారు. పీఎంఆర్ డాక్టర్ రోగి మొత్తాన్ని చూసి, బిగుసుకుపోయిన కండరాలకు మందులు, ఇంజెక్షన్లు, మూత్రాశయం సమస్యకు పరిష్కారం, కృత్రిమ కాలు లేదా చక్రాల కుర్చీ ఎలాంటిది కావాలో నిర్ణయించి, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, కృత్రిమ అవయవాలు చేసేవారు, నర్సు, అందరితో కలిపి పని నడిపిస్తారు. ఈ గీత ఎక్కడుందన్నదే పెద్ద గొడవ. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్, ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు 'డాక్టర్' అని రాసుకోవద్దంటూ లేఖ ఇచ్చింది. మర్నాడే వెనక్కి తీసుకుంది. పేరు ముందు ఏముండాలన్నదాని మీద జరిగినంత చర్చ, జిల్లాలో ఈ ఇద్దరిలో ఎవరున్నారన్నదాని మీద జరగలేదు.

మన దేశంలో ఈ విభాగం మొదలైన తీరు ఒకటి చెప్పుకోవాలి. వేలూరు సీఎంసీలో పనిచేసే యువ డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు. 1963లో వేలూరులో పీఎంఆర్ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడే రోగులను చేర్చుకుని తర్ఫీదునిచ్చే కేంద్రం మొదలైంది. మన జిల్లాల నుంచి వేలూరుకు రైలెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అరవై ఏళ్ల తర్వాత కూడా రైలెక్కాల్సి రావడమే మన సమస్య.

మూడేళ్లలో ఏం నేర్పుతారు, ఏం మిగిలిపోతుంది?

పీఎంఆర్‌లో ఎండీ చేసే జూనియర్ డాక్టర్ నేర్చుకునేది పెద్దాస్పత్రిలో. అక్కడ పక్క గదిలో ఫిజియోథెరపిస్టు ఉంటారు. కింది అంతస్తులో కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాప్ ఉంటుంది. మూత్రాశయం ఒత్తిడిని కొలిచే యంత్రం ఉంటుంది. న్యూరో సర్జన్ వార్డు నుంచి కబురు పంపుతారు, ఈయన వెళ్లి చూస్తారు. అనుమానం వస్తే అడగడానికి ప్రొఫెసర్ ఉంటారు. థీసిస్ రాస్తారు, పరీక్ష పాసవుతారు.

ఇప్పుడు అదే డాక్టర్‌ను గద్వాల ఆస్పత్రిలో ఒక గదిలో కూర్చోబెట్టండి. యంత్రం లేదు. వర్క్‌షాప్ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కబురు పంపేవాళ్లు లేరు. ఎముకల డాక్టర్‌కు ఈయన ఏం చేస్తారో స్పష్టంగా తెలియదు. "నొప్పులకు కరెంటు పెట్టే డాక్టరా?" అని రోగి అడుగుతాడు. మొదటి నెల ఈయన చేయాల్సిన వైద్యం రోగులకు కాదు. తోటి డాక్టర్ల దగ్గరికి వెళ్లి, ఏ రోగిని ఎప్పుడు తన దగ్గరికి పంపాలో చెప్పి ఒప్పించాలి. దీన్ని ఏ పరీక్షలోనూ అడగరు.

ఒక ఉదాహరణ చూడండి. ఛాతీ ఎగువ భాగంలోనో మెడ దగ్గరో వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి మూత్రాశయం నిండిపోయినా, గొట్టం మూసుకుపోయినా ఒక్కసారిగా బీపీ విపరీతంగా పెరగవచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు. కారణం గుర్తించకపోతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్తుంది. మొదట చేయాల్సింది చాలా చిన్న పని. మనిషిని లేపి కూర్చోబెట్టి, మూత్రం బయటికి పోయేలా చేయడం. పెద్దాస్పత్రి పీఎంఆర్ వార్డులో నర్సుకు కూడా ఇది తెలుసు. జిల్లాలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ ఇలాంటి రోగిని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అంటే కొత్తగా వెళ్లిన పీఎంఆర్ డాక్టర్ తానొక్కడే వైద్యం చేస్తే చాలదు. క్యాజువాలిటీకి, వార్డుకు, 108 సిబ్బందికి నేర్పాలి. నేర్పడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

ఇంటి సంగతి ఇంకోటి. వార్డులో చక్రాల కుర్చీ నునుపైన గచ్చు మీద తిరుగుతుంది. ఇంటికెళ్తే గడప, మూడు మెట్లు, మట్టి వాకిలి. మరుగుదొడ్డి కింద కూర్చునేది. కాలు పోయిన రైతుకు చెప్పులు విప్పి పొలంలో దిగే కాలు కావాలి. 1960ల చివర్లో జైపూర్ ఫుట్ పుట్టిందే అందుకు, మన మనుషులు చెప్పుల్లేకుండా నడుస్తారు, గొంతుక్కూర్చుంటారు, నేల మీద బాసింపట్టు వేసుకుంటారు కాబట్టి. పరుపు కొనే స్థోమత లేని ఇంట్లో పుండు పడకుండా చూడాలంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అది భార్యకో తల్లికో చేసి చూపించాలి. శాశ్వతంగా గొట్టం పెట్టుకుని ఉండే బదులు, రోజుకు నాలుగైదుసార్లు శుభ్రంగా గొట్టం పెట్టి తీసే పద్ధతి చాలామందికి మేలు. అది నేర్పాలంటే మొహమాటం, సిగ్గు, భయం దాటించాలి. మందుల చీటీ రాయడం కన్నా ఇది కష్టం. అరగంట కూర్చుని మాట్లాడాలి. రోజుకు వంద మంది వచ్చే ఓపీలో అరగంట ఎవరిస్తారు?

చదువు నుంచి వృత్తిలోకి మారే ఈ దశ గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో ఈ స్పెషాలిటీకి ఇంటర్న్‌షిప్ ఏడాదితో కలిపి నాలుగేళ్లు. రాత పరీక్ష కాక, ఎదురుగా రోగి ఉంటే ఏం చేస్తావన్నది అడిగే నోటి పరీక్ష వేరుగా ఉంటుంది. అక్కడి కొత్త డాక్టర్ల తలనొప్పి బీమా బిల్లులు, ఉద్యోగ ఒప్పందాలు. మన దగ్గర తలనొప్పి వేరు. ఒప్పందం సంగతి తర్వాత, ముందు ఉద్యోగం ఏ గదిలో అన్నదే ప్రశ్న.

20కి 20 కలిపితే 40 కాదు

ఇది కాస్త లెక్కల వ్యవహారం. కానీ మీ ఇంట్లో ఎవరికైనా పింఛను అవసరమైతే ఇది తెలిసుండాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే చాలా ప్రయోజనాలు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను రూ.3,016 నుంచి రూ.4,016కు పెరిగింది. ఆ డబ్బు వస్తుందా రాదా అన్నది ఒక సర్టిఫికెట్ మీది అంకె తేలుస్తుంది. కాళ్లూ చేతుల వైకల్యాన్ని అంచనా వేసే అధికారం పీఎంఆర్ స్పెషలిస్టుకు లేదా ఎముకల స్పెషలిస్టుకు ఉంటుందని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిని 2024 మార్చిలో సవరించారు.

ఒకే మనిషికి రెండు వైకల్యాలుంటే నేరుగా కూడరు. పెద్ద అంకెకు, చిన్న అంకెలో కొంత భాగమే కలుపుతారు. 90లోంచి పెద్ద అంకెను తీసేసి, దాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి వచ్చింది కలపాలి. ఒకటి 20 శాతం, ఇంకోటి 20 శాతం అయితే మనం వేళ్ల మీద లెక్కేస్తే 40. సూత్రం ప్రకారం సుమారు 35.6. పింఛను గీతకు కింద. అదే 30, 20 అయితే 43.3. గీతకు పైన. ఇప్పుడు చెప్పండి, ఒక అంగాన్ని 20గా చూడాలా 30గా చూడాలా అన్న డాక్టర్ తీర్పు విలువ ఎంత? నెలకు నాలుగు వేలు, జీవితాంతం.

వైకల్యం తాత్కాలికమా శాశ్వతమా అన్నది ఇంకో తీర్పు. పక్షవాతం వచ్చిన నెలకే శాశ్వతమని రాసేస్తే తప్పు. రెండేళ్లు తిప్పించుకున్నా తప్పే. పెద్దాస్పత్రి వార్డులో చికిత్స మీద శ్రద్ధ పెట్టి చదివిన డాక్టర్‌కు, శిబిరంలో వరుసలో నిల్చున్న రెండు వందల మందిని కొలిచే అనుభవం వేరు. నకిలీ కాగితంతో వచ్చినవాడూ ఆ వరుసలోనే ఉంటాడు. సిఫారసు ఫోన్లూ వస్తాయి. శిక్షణలో ఉండగానే, సీనియర్ పక్కన కూర్చుని ఇలాంటి వరుసలు కొన్ని చూసిన డాక్టర్ వేరు, మొదటిసారి ఒంటరిగా చూసే డాక్టర్ వేరు.

మూడు నెలల జిల్లా డ్యూటీ చాలదా?

ఒక అవకాశం ఇప్పటికే చేతిలో ఉంది. 2020లో పీజీ వైద్య విద్య నిబంధనలను సవరించి జిల్లా రెసిడెన్సీ కార్యక్రమం తెచ్చారు. పీజీ చదివే ప్రతి డాక్టర్ మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఎప్పుడైనా.

పిల్లల డాక్టరో మత్తు డాక్టరో కాబోయేవాళ్లకు ఇది సూటిగా పనికొస్తుంది. జిల్లా ఆస్పత్రిలో ఆ విభాగాలు ఉంటాయి కాబట్టి. పీఎంఆర్ పీజీని పంపితే? విభాగం లేనిచోట చెప్పేవాళ్లు ఉండరు. ఎముకల వార్డులోనో క్యాజువాలిటీలోనో అదనపు చెయ్యిగా మూడు నెలలు గడిచిపోయే ప్రమాదం ఉంది. దాన్ని జిల్లా అనుభవం అనలేం, చాకిరీ అనాలి.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఇక్కడ కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆ మూడు నెలలకు పని రాసివ్వాలి. ఉదాహరణకు గద్వాలకో వనపర్తికో నాగర్‌కర్నూల్‌కో వచ్చిన పీఎంఆర్ పీజీ వారంలో ఒక రోజు వైకల్య నిర్ధారణ శిబిరంలో కూర్చోవాలి. ఒక రోజు భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూడాలి. మంచానపడ్డ రోగుల జాబితా ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది, ఆమెతో ఇళ్లకు వెళ్లాలి. హైదరాబాద్‌లోని తన ప్రొఫెసర్‌తో వారానికోసారి వీడియోలో ఆ కేసులు మాట్లాడాలి. మూడు నెలలయ్యేసరికి ఆ పీజీకి తెలుస్తుంది, వార్డులో తాను రాసిన చీటీల్లో ఎన్ని ఆ గడప దాటి లోపలికి వెళ్లాయో.

కాలేజీలు వచ్చాయి, విభాగం రాలేదు

ఎంత సిద్ధం చేసినా, వెళ్లడానికి చోటుండాలి కదా. ఇక్కడే అసలు చిక్కుముడి.

2016 వరకు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. ఆ ఏడాది మహబూబ్‌నగర్‌లో వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్. 2024లో గద్వాల, నారాయణపేట. ఎనిమిదేళ్లలో ఐదు. పీఎంఆర్ కూడా వీటితో పాటే వచ్చి ఉండాల్సింది. కానీ ఎంబీబీఎస్ కాలేజీలకు జాతీయ వైద్య కమిషన్ 2023లో ఇచ్చిన కనీస ప్రమాణాల్లో, తప్పనిసరి విభాగాల జాబితాలో పీఎంఆర్ లేదు. ఛాతీ వైద్యుల సంఘాలతో పాటు పీఎంఆర్ నిపుణుల సంఘమూ దీనిపై అభ్యంతరం చెప్పింది. కాలేజీ పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోతే అడిగేవారు లేరు. తప్పనిసరి కాని దానికి పోస్టు మంజూరు చేయమని ఆర్థిక శాఖకు ఫైలు పంపితే ఏమవుతుందో మీరు ఊహించగలరు.

ఇక గొలుసు చూడండి. విభాగం లేకపోతే సీనియర్ రెసిడెంట్ పోస్టు లేదు. ఎండీ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి మామూలు దారి ఏడాది సీనియర్ రెసిడెన్సీయే. అధ్యాపకులు లేకపోతే పీజీ సీట్లు రావు. సీట్లు లేకపోతే డాక్టర్లు లేరు. డాక్టర్లు దొరకడం లేదు కాబట్టి విభాగం పెట్టలేమంటారు. ఇంకో నష్టమూ ఉంది. గద్వాలలో ఎంబీబీఎస్ చదివే విద్యార్థి ఐదున్నరేళ్లలో ఒక్క పీఎంఆర్ డాక్టర్‌నైనా చూడకుండా బయటికి రావచ్చు. రేపు ఎర్రవల్లి చౌరస్తాలో క్లినిక్ పెట్టుకుంటే, మంచానపడ్డ రోగిని ఎవరి దగ్గరికి పంపాలో ఆయనకూ తెలియదు.

ఈలోపు ఎండీ పాసైన పీఎంఆర్ డాక్టర్ ఏం చేస్తారు? కార్పొరేట్ ఆస్పత్రుల వైపో, నగరంలో నొప్పుల క్లినిక్ వైపో చూస్తారు. తప్పు పట్టలేం. బతకాలి. కానీ మోకాలి నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వగల డాక్టర్లు నగరంలో చాలామంది ఉన్నారు. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి మూత్రపిండాలను కాపాడగల డాక్టర్ బీచుపల్లి చుట్టుపక్కల ఎవరు?

2019 లెక్కల ఆధారంగా లాన్సెట్ పత్రికలో 2020లో వచ్చిన అంచనా ప్రకారం, ప్రపంచంలో 241 కోట్ల మందికి పునరావాస వైద్యంతో మేలు జరిగే ఆరోగ్య సమస్య ఏదో ఒకటి ఉంది. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ దీన్ని ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని తీర్మానం కూడా చేసింది. అదే ఏడాది ఆగస్టులో మన కనీస ప్రమాణాలు వచ్చాయి.

మీ ఇంట్లో అవసరం వస్తే

వ్యవస్థ మారేదాకా ఆగలేం కాబట్టి కొన్ని పనికొచ్చే మాటలు.

పక్షవాతం, వెన్నెముక గాయం, తలకు దెబ్బ, కాలు తీసేయడం, ఇలాంటివాటిలో ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ చేతికిస్తారు. చివరి పేజీలో మందుల పేర్లు, పది రోజుల తర్వాత రమ్మన్న తేదీ ఉంటాయి. అక్కడితో సంతకం పెట్టేయకండి. మూత్రం సంగతి ఎలా చూసుకోవాలి, ఎన్ని గంటలకోసారి తిప్పాలి, ఏ వ్యాయామం ఎవరు చేయించాలి, ఎలాంటి జ్వరం వస్తే పరుగెత్తాలి, ఈ నాలుగూ తెలుగులో రాసివ్వమని అడగండి. ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత వార్డులోనే ఒకసారి చేయించమనండి. పీఎంఆర్ విభాగం ఉన్న ఆస్పత్రికి రిఫర్ చేయమని నోరు తెరిచి అడగండి, అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు. ఫిజియోథెరపీ రెండు నెలల తర్వాత చూద్దాంలే అనుకోకండి. బిగుసుకుపోయిన కీలు మళ్లీ వదులు కావడం చాలా కష్టం.

వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు కోసం స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. శిబిరానికి వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, ఆపరేషన్ కాగితాలు అన్నీ పట్టుకెళ్లండి. ఒకటికన్నా ఎక్కువ సమస్యలుంటే ప్రతిదీ విడిగా చెప్పండి. డాక్టర్ ఎదుట కూర్చున్నప్పుడు చాలామంది పెద్ద సమస్య ఒక్కటే చెప్పి లేచి వచ్చేస్తారు. చెప్పని రెండో సమస్యకు ఆ లెక్కలో చోటుండదు.